పాల్ బ్రాండ్

పాల్ విల్సన్ బ్రాండ్ (జూలై 17, 1914 - జూలై 8, 2003) కుష్ఠు వ్యాధి వల్ల కొంకర్లు పోయిన చేతులను, పట్టుతప్పిన పాదాలను శస్త్రచికిత్సతో తిరిగి పనిలోకి తేవచ్చునని నిరూపించిన ప్రముఖ శల్యవైద్యుడు. ఆంగ్లేయ మిషనరీ దంపతులకు తమిళనాడులోని కొల్లిమలలో జన్మించాడు. 1946 నుండి సుమారు రెండు దశాబ్దాల పాటు రాయవేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. బాగున్న కండరం బలాన్ని చచ్చుబడిన చోటికి మళ్ళించడానికి ఆయన రూపొందించిన స్నాయుబంధన గ్రాఫ్టు పద్ధతులు చేతి శస్త్రచికిత్స గ్రంథాలలో ఆయన పేరుతోనే నిలిచి ఉన్నాయి. గ్రాఫ్టు ఏ దారిన పోవాలి, ఎక్కడ కుట్టాలి, ఎంత బిగువుగా ఉండాలి అన్న మూడు ప్రశ్నలను లెక్కలతో, కొలతలతో పరిశీలించి, శరీరపు జీవయాంత్రిక శాస్త్రాన్ని ఆపరేషను బల్ల దగ్గరకు తెచ్చిన వారిలో ఆయన ముఖ్యుడు.

బాల్యం

పాల్ తండ్రి జెస్సీ మన్ బ్రాండ్, తల్లి ఎవెలిన్ కాన్‌స్టన్స్ బ్రాండ్. వీరు మలేరియాకు పేరుపడిన కొల్లిమలలో గిరిజనుల మధ్య స్థిరపడి మతప్రచారంతో పాటు వైద్యం, వ్యవసాయం, ఇళ్ళ నిర్మాణం వంటి పనులు చేసేవారు. పాల్, అతని చెల్లెలు కానీ ఆ కొండలలోనే చెట్లెక్కుతూ, తమిళం మాట్లాడుతూ పెరిగారు. తండ్రి పుళ్ళకు కట్లు కట్టడం, చీము తీయడం చూసి బాలుడైన పాల్‌కు వైద్యమంటే ఏవగింపు కలిగింది. ఒకసారి కుష్ఠు రోగులు చికిత్సకు వచ్చినప్పుడు పిల్లలను ఇంట్లో ఉండమని చెప్పి, వారు కూర్చున్న చోటును ఆ తర్వాత శుభ్రం చేయించారు. ఆనాడు వైద్యం తెలిసిన కుటుంబంలో కూడా ఆ వ్యాధి అంటే ఎంత భయం ఉండేదో దీన్ని బట్టి తెలుస్తుంది.

1923లో తొమ్మిదేళ్ళ వయసులో పాల్‌ను చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. తండ్రిని ఆయన మళ్ళీ చూడలేదు. 1929లో జెస్సీ బ్రాండ్ మలేరియాకు సంబంధించిన నల్లమూత్రపు జ్వరంతో కొల్లిమలలోనే మరణించాడు. తల్లి మాత్రం వృద్ధాప్యంలో కూడా ఆ కొండలను విడువలేదు. బ్రాండ్ పాటి అనే పేరుతో గుర్రం మీద కొండ గ్రామాలు తిరుగుతూ సేవచేసి, 1974లో 95 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

వడ్రంగం నుండి వైద్యానికి

బడి చదువు ముగిశాక పాల్ వైద్యం వైపు పోలేదు. తండ్రిలాగా కొండలలో ఇళ్ళు కట్టాలనే ఉద్దేశంతో నాలుగైదేళ్ళ పాటు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నాడు. ఈ చదువు వృథా కాలేదు. తాడు ఏ కోణంలో లాగితే దూలం లేస్తుంది, ఎక్కడ మేకు కొడితే చెక్క చీలుతుంది, ఏ కీలుకు ఎంత బరువు పెట్టవచ్చు అన్న మేస్త్రీ దృష్టి తర్వాత ఆయన శస్త్రచికిత్సలో అడుగడుగునా కనిపిస్తుంది. మిషనరీ శిక్షణలో భాగంగా లండనులోని లివింగ్‌స్టన్ కళాశాలలో ఒక ఏడాది ప్రాథమిక వైద్యం చదివినప్పుడు ఆయన మనసు మారింది. ఆ తర్వాత లండనులోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో చేరి వైద్యవిద్య పూర్తిచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో లండను మీద బాంబుల వర్షం కురుస్తున్న రోజులలో గాయపడిన వారికి చికిత్స చేస్తూ శల్యవైద్యంలో రాటుదేలాడు. తోటి వైద్య విద్యార్థిని మార్గరెట్ బెర్రీని 1943లో వివాహమాడాడు. ఆమె తర్వాత కుష్ఠు రోగుల కంటి జబ్బులలో నిపుణురాలిగా పేరు పొందింది. వీరికి ఆరుగురు సంతానం.

రాయవేలూరు

చిత్తూరుకు దక్షిణాన కొద్ది దూరంలోనే ఉన్న వేలూరును తెలుగువారు రాయవేలూరు అంటారు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ కుటుంబానికి చెందిన ఐడా స్కడర్ 1900లో అక్కడ ఒక చిన్న వైద్యశాల ప్రారంభించింది. అదే 1918లో స్త్రీల వైద్య పాఠశాలగా, తర్వాత క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగింది. అదే ఆర్కాట్ మిషన్ తెలుగు ప్రాంతంలో మదనపల్లె, పుంగనూరులలో కూడా పనిచేసింది. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఆ మిషన్ నెలకొల్పినదే. అందుచేత రాయవేలూరు ఆసుపత్రి తెలుగువారికి పరాయి ఊరి ఆసుపత్రి కాలేదు. మదనపల్లె, పుంగనూరు వైపు వారు పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులలోనూ, కుప్పం వైపు వారు కాట్పాడి వరకు రైలులోనూ వైద్యానికి వెళ్ళడం తరాలుగా ఉన్నదే.

కుష్ఠు వ్యాధి నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ పిలుపు మీద పాల్ బ్రాండ్ 1946లో ఈ కళాశాలకు వచ్చాడు. వచ్చింది శస్త్రచికిత్స బోధించడానికే గాని, కుష్ఠు రోగుల కోసం కాదు. 1947లో కాక్రేన్ ఆయనను చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ వందల మంది వేళ్ళు ముడుచుకుపోయి, గోళ్ళు అరచేతిలోకి దిగి, కొందరికి వేళ్ళే అరిగిపోయి కనిపించారు. ఈ చేతులకు ఎముకల వైద్యులు ఏమి చేస్తున్నారని బ్రాండ్ అడిగాడు. ఏ ఎముకల వైద్యుడూ వాటివైపు చూడలేదని తెలిసింది. పోలియోతో చచ్చుబడిన కాళ్ళ గురించి పుస్తకాలు నిండా ఉండగా, అంతకంటే ఎక్కువ మందిని అవిటివారిని చేస్తున్న ఈ జబ్బు గురించి శల్యవైద్యులు రాసింది లేనంత తక్కువ.

అక్కడే ఒక రోగి చేతిలో తన చేయి ఉంచి గట్టిగా నొక్కమన్నాడు. బలహీనమైన పట్టు ఉంటుందని అనుకున్న ఆయనకు ఆ గోళ్ళు చర్మంలో దిగబడి బాధ పుట్టించాయి. కొంకర్లు పోయిన ఆ చెయ్యి చచ్చుబడినది కాదు. అందులో ఎక్కడో మంచి కండరాలు పూర్తి బలంతో ఉన్నాయి. ఆయన తర్వాతి జీవితమంతా ఈ చిన్న పరిశీలన నుండి మొలిచినదే.

వేళ్ళు ఎందుకు ముడుచుకుపోతాయి

బ్రాండ్, ఆయన సహచరులు వందలాది చేతులలో ఒక్కొక్క కండరాన్ని పరీక్షించి, ఏవి చచ్చుబడ్డాయో, ఏవి బాగున్నాయో పట్టికలు వేశారు. అందులో ఒక క్రమం కనిపించింది. అల్నార్ నాడి మోచేతి దగ్గర, మీడియన్ నాడి మణికట్టు దగ్గర దెబ్బతింటున్నాయి. ముంజేతి వెనుక కండరాలకు పోయే రేడియల్ నాడి చాలా మందిలో క్షేమంగా ఉంది. మరణించిన రోగుల శరీరాలలో నాడులను పరిశీలించినప్పుడు అవి చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల ఉబ్బి ఉన్నాయి: మోచేతి వెనుక, మణికట్టు ముందు, మోకాలి పక్కన, చీలమండ దగ్గర. కుష్ఠు క్రిమి చల్లని చోట్లను కోరుకుంటుందన్న విషయం దీనితో సరిపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఉబ్బు ఉన్న చోటికి పైభాగంలోనే నాడి కొమ్మను అందుకున్న కండరాలు చెడవు. అంటే శల్యవైద్యుడు అరువు తీసుకోవడానికి నమ్మకమైన కండరాలు ముంజేతిలో ఎప్పుడూ ఉంటాయి.

వేళ్ళు కొంకర్లు పోవడం వెనుక ఉన్నది బలహీనత కంటే కూడా తూకం తప్పడం. వేలిని కదిలించే కండరాలు రెండు రకాలు. ముంజేతిలో పుట్టి పొడవైన స్నాయుబంధనాల ద్వారా వేళ్ళను ముడిచేవి, చాచేవి ఒక రకం. అరచేతిలోనే పుట్టే చిన్న కండరాలు రెండవ రకం. ఈ చిన్న కండరాల పని విచిత్రమైనది: ఒకే లాగుతో వేలి మొదటి కణుపును ముందుకు వంచుతాయి, చివరి రెండు కణుపులను తిన్నగా చాస్తాయి. గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి తెరిచినప్పుడు వేళ్ళు ఉండే తీరు ఇదే. అల్నార్, మీడియన్ నాడులు చెడగానే ఈ చిన్న కండరాలు పడిపోతాయి, పొడవైనవి మిగులుతాయి. చాచే కండరం మొదటి కణుపును వెనుకకు విరిచేస్తుంది, ముడిచే కండరం చివరి కణుపులను లోపలికి చుట్టేస్తుంది. వేళ్ళు కొసల నుండి చుట్టుకుపోవడం వల్ల, పట్టుకోబోయిన వస్తువును చెయ్యి తనంతట తానే బయటికి నెట్టివేస్తుంది. పిడికిలికి బలం ఉన్నా గ్లాసు పట్టుకోలేని చెయ్యి అది.

గ్రాఫ్టు దారి

ఇక్కడ రెండు మాటల అర్థం తెలుసుకోవాలి. కండరాన్ని ఎముకకు కలిపేది స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కలిపేది సంధిబంధనం. మామిడి కొమ్మను వేరొక మొక్కకు అంటుకట్టినట్లు శరీరంలో ఒకచోటి కణజాలాన్ని తీసి మరొకచోట అతికిస్తే దానిని గ్రాఫ్టు అంటారు.

బ్రాండ్ 1948 ప్రాంతంలో మొదటి ఆపరేషన్లకు స్టైల్స్, బనెల్ అనే శల్యవైద్యుల పేరుతో ఉన్న పద్ధతిని ఎంచుకున్నాడు. ప్రతి వేలినీ ముడవడానికి రెండు స్నాయుబంధనాలు ఉంటాయి. వాటిలో పైనున్న దానిని కోసి, వేలి పక్కగా తిప్పి, వెనుకవైపు చాచే పొరకు కుట్టడం ఈ పద్ధతి. ఫలితాలు ఊహించినదాని కంటే మంచివే. కుష్ఠు రోగి శరీరం చెడ్డ మాంసమని, కోస్తే మానదని ఉన్న నమ్మకం తప్పని తేలింది. గాయాలు అందరికీ మానినట్లే మానాయి. రోగులకు మంచం ఇవ్వడానికి, వారిని వార్డులో ఉంచడానికి తోటివారిలో ఉన్న సంకోచాన్ని మాన్పడమే ఎక్కువ కష్టమైంది.

అయితే ఏళ్ళు గడిచి రోగులను మళ్ళీ పరీక్షించినప్పుడు మరొక లోపం బయటపడింది. మెత్తని కీళ్ళు ఉన్న వారిలో ఆ స్నాయుబంధనం అవసరానికి మించి లాగి, వేలి మధ్య కణుపును వెనుకకు వంచి, హంస మెడ ఆకారం తెచ్చిపెట్టింది. ఒక వైపు వంకర తీసి మరొక వైపు వంకర పెట్టినట్లయింది. దాచుకోదగిన ఈ సంగతిని బ్రాండ్ దాచలేదు. 1958లో ఎముకలు, కీళ్ళ శస్త్రచికిత్సకు సంబంధించిన బ్రిటిష్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆ పద్ధతి ఫలితాలను వివరంగా చర్చించాడు. అంతకు ముందే కొత్త దారి వెదకడం మొదలుపెట్టాడు.

కొత్త పద్ధతిలో బలాన్ని వేలి నుండి కాక, మణికట్టును పైకెత్తే కండరం నుండి తీసుకున్నాడు. ఈ పనికి ముంజేతిలో ఒకటికి మించి కండరాలు ఉండడం వల్ల ఒకదానిని మళ్ళించినా మణికట్టుకు లోటు రాదు. కాని దాని స్నాయుబంధనం వేళ్ళ దాకా అందదు. పొడిగించడానికి తాడు కావాలి. పిక్కలో ప్లాంటారిస్ అనే చిన్న కండరం ఉంటుంది. దాని స్నాయుబంధనం మడమ దాకా సాగే పొడవాటి దారం వంటిది, తీసివేసినా కాలికి నష్టం లేదు. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. అటువంటప్పుడు తొడ పక్కనున్న గట్టి పొర నుండి పట్టీ తీస్తారు. ఈ దారాన్ని నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్ళకు ఒక్కొక్క పాయ పంపాడు. ఈ నాలుగు పాయల గ్రాఫ్టు గురించి 1961లో అదే పత్రికలో వ్యాసం ప్రచురించాడు.

ఇందులో అసలు కిటుకు పాయ పోయే దారిలో ఉంది. కీలు ఒక అక్షం మీద తిరుగుతుంది. తాడు ఆ అక్షానికి ముందు నుండి పోతే కీలు ముందుకు వంగుతుంది, వెనుక నుండి పోతే వెనుకకు వంగుతుంది. తేడా కొద్ది మిల్లీమీటర్లే. అరచేతి ఎముకల కొసలను కలుపుతూ అడ్డంగా ఒక సంధిబంధనం ఉంది. గ్రాఫ్టు పాయ దానికి అరచేతి వైపు నుండి పోయి తీరాలి. వెనుక నుండి పోనిస్తే ఎంత చక్కగా కుట్టినా వంకర ఇంకా పెరుగుతుంది. అక్షానికీ తాడుకూ మధ్య దూరం ఎక్కువైతే బలం పెరుగుతుంది, కాని అదే కదలికకు కండరం ఎక్కువ పొడవు లాగవలసి వస్తుంది. బావి గిలక పెద్దదైతే చేద పైకి రావడానికి చేతికి పని సులువు కావడం, చిన్నదైతే కాకపోవడం వంటి లెక్క కాదిది. ఇక్కడ గిలక సైజు మారితే కండరం శక్తి, అది ముడుచుకోగల పొడవు రెండూ కలిసి చూడాలి. ఎంత మేర ముడుచుకోగలదో అంతకు మించి పని పెడితే ఎంతటి కండరమైనా ఓడిపోతుంది.

రెండవ ప్రశ్న ఒరిపిడి. గ్రాఫ్టు కొవ్వు పొరల మధ్య జారాలి. కత్తితో కోసుకుంటూ దారి చేస్తే మానినప్పుడు మచ్చ ఏర్పడి తాడు అక్కడే అతుక్కుపోతుంది. అందుకే చర్మాన్ని పొడవునా కోయకుండా, రెండు చిన్న గాట్ల మధ్య మెత్తని పొరల గుండా దూరి గ్రాఫ్టును లాక్కువచ్చే పొడవైన మొద్దుకొస పనిముట్టును బ్రాండ్ వాడుకలోకి తెచ్చాడు. ఆ పనిముట్టుకు నేటికీ ఆయన పేరే ఉంది. మొదట గ్రాఫ్టును చేతి వెనుక నుండి పంపేవాడు, తర్వాత ముంజేతి ముందుకు తిప్పి మణికట్టు సొరంగం గుండా పంపే పద్ధతిని కూడా రూపొందించాడు. మూడవది బిగువు. వదులైతే వేలు మారదు, బిగుతైతే మళ్ళీ హంస మెడ. ఆపరేషను సమయంలో మణికట్టును, వేళ్ళను నిర్ణీతమైన భంగిమలో ఉంచి నాలుగు పాయలకు సమంగా బిగువు సరిచూసి కుట్టాలి.

కుట్టు మానిన తర్వాత మరొక చదువు మొదలవుతుంది. మణికట్టు లేపడానికి అలవాటుపడిన కండరంతో వేళ్ళు తిప్పడం రోగి మెదడు నేర్చుకోవాలి. స్పర్శ లేని చేతిలో అది మరీ కష్టం, చూపుతోనే నేర్చుకోవాలి. అందువల్ల ఫిజియోథెరపీ లేని ఆపరేషనుకు బ్రాండ్ ఒప్పుకొనేవాడు కాదు.

పాదాలకు కూడా ఇదే సూత్రం అన్వయించాడు. మోకాలి పక్కన నాడి చెడితే పాదం వేలాడిపోయి, నడిచేటప్పుడు వేళ్ళు నేలకు తగులుతాయి. మడమ లోపలివైపు నుండి వచ్చే టిబియాలిస్ పోస్టీరియర్ కండరాన్ని పాదం పైవైపుకు మళ్ళించి ఆ లోపాన్ని సరిచేసేవారు.

నొప్పి లేని బాధ

చేతులు బాగుపడ్డ కొందరు రోగులు కొద్ది నెలలకే పుళ్ళతో తిరిగి వచ్చేవారు. వేళ్ళు వ్యాధి వల్ల వాటంతట అవే రాలిపోతాయని అప్పటికి లోకమంతా నమ్మేది. బ్రాండ్‌కు ఆ నమ్మకం మీద అనుమానం కలిగించిన సంఘటనలు చిన్నవే. తుప్పుపట్టిన తాళం తాను తీయలేక సతమతమవుతుండగా ఒక బాలుడు వచ్చి సునాయాసంగా తాళంచెవి తిప్పాడు. చూస్తే అతని వేలు ఎముక దాకా తెగి ఉంది, ఆ సంగతి అతనికి తెలియదు. నొప్పి తెలియనివాడు తన బలాన్ని ఎక్కడ ఆపాలో తెలియక తనను తానే గాయపరచుకుంటాడు. రాత్రి నిద్రలో వేళ్ళు పోగొట్టుకున్న వారి విషయం కనిపెట్టగా, ఎలుకలు కొరికి తిన్నాయని తేలింది. అప్పటి నుండి ఇంటికి పోయే రోగులకు మందులతో పాటు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు.

వేళ్ళు రాలిపోవని, అరిగిపోతాయని, కాలిపోతాయని, గాయాలు పట్టించుకోకపోవడం వల్ల పోతాయని బ్రాండ్ నిర్ధారణకు వచ్చాడు. కుష్ఠు చరిత్రలో మందుల తర్వాత ఇంత మేలు చేసిన అవగాహన మరొకటి లేదనవచ్చు. అవిటితనం విధిరాత కాదని, పనిముట్ల పిడులు మార్చి, మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు తొడిగి, రోజూ పాదాలు చూసుకొని దానిని ఆపవచ్చని దీని అర్థం.

ఆయన భయం కూడా ఒకటి పేర్కొనదగినది. ఒకసారి ఇంగ్లండులో సుదీర్ఘ రైలు ప్రయాణం తర్వాత రాత్రి మడమలో స్పర్శ లేదని గమనించాడు. సూదితో గుచ్చుకున్నా తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకొని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్ళీ గుచ్చుకుంటే నొప్పి పుట్టింది. రైలులో ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల నాడి నొక్కుకుపోయిందంతే. నొప్పి ఒక వరమని ఆయన తర్వాత రాసిన పుస్తకాలకు ఈ రాత్రి కూడా ఒక మూలం.

నవజీవ నిలయం, కరిగిరి

చెయ్యి బాగుపడటం, బతుకు బాగుపడటం ఒకటి కాదని రాయవేలూరులో త్వరలోనే తెలిసివచ్చింది. కొంకర్లు పోయిన చేతులతో అడుక్కొని బతికిన వారికి, చేతులు తిన్నగా అయ్యాక భిక్ష పడటం తగ్గింది. వ్యాధి మచ్చ మాత్రం పోనందున పని ఇచ్చేవారు లేరు. ఆపరేషను తన కడుపు మీద కొట్టిందని రోగి అనుకుంటే కాదనడానికి లేదు. దీనికి జవాబుగా 1951లో నవజీవ నిలయం అనే చిన్న పల్లె వెలసింది. అక్కడ రోగులు వడ్రంగం నేర్చుకొని చెక్క బొమ్మలు చేసి అమ్మేవారు. బ్రాండ్ యౌవనంలో నేర్చిన వడ్రంగం ఇక్కడ నేరుగా అక్కరకు వచ్చింది. ఏ పనిముట్టు ఎక్కడ చేతిని కోస్తుందో, ఏ పిడికి ఎంత మందం ఉండాలో బల్ల దగ్గరే కనిపెట్టగలిగారు.

వేలూరు సమీపంలోని కరిగిరిలో 1955లో ప్రారంభమైన షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రంతో కూడా ఆయనకు సన్నిహిత సంబంధం ఉండేది. దేశవిదేశాల శల్యవైద్యులు అక్కడికి వచ్చి ఈ ఆపరేషన్లు నేర్చుకొని వెళ్ళారు. 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన యువ వైద్యురాలు మేరీ వర్గీస్‌ను చక్రాల కుర్చీలో కూర్చుని చేతుల ఆపరేషన్లు చేయమని ప్రోత్సహించింది బ్రాండే. ఆమె తర్వాత రాయవేలూరులో పునరావాస వైద్య విభాగానికి ఆద్యురాలైంది.

మోకాలి శస్త్రచికిత్సతో పోలిక

బ్రాండ్ మోకాలి సంధిబంధనాల నిపుణుడు కాడు. అయినా చేతిలో ఆయన వేసిన ప్రశ్నలే నేడు క్రీడాకారులకు ఎక్కువగా జరిగే మోకాలి సంధిబంధన పునర్నిర్మాణంలో ఎదురవుతాయి కనుక, విద్యార్థులకు ఈ పోలిక ఉపయోగపడుతుంది. మోకాలి లోపల ముందరి క్రూసియేట్ సంధిబంధనం తొడ ఎముక వెనుక భాగం నుండి పిక్క ఎముక పైభాగం ముందుకు ఏటవాలుగా దిగుతుంది. పిక్క ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా కాపాడుతుంది. అది తెగితే సాధారణంగా తొడ వెనుక కండరాల స్నాయుబంధనాలను గాని, మోకాలి చిప్ప కింది స్నాయుబంధనపు నడిమి భాగాన్ని గాని తీసి, రెండు ఎముకలలో సొరంగాలు తొలిచి బిగిస్తారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో హే గ్రోవ్స్ 1917లో తొడ పొర పట్టీతో ఇటువంటి ఆపరేషను వర్ణించాడు. ప్లాంటారిస్ లేనప్పుడు చేతికి గ్రాఫ్టుగా వాడేది కూడా ఆ పొరనే.

తేడా ఒకటి ఉంది. చేతిలో గ్రాఫ్టు చివర కండరం ఉండి లాగుతుంది. మోకాలిలో గ్రాఫ్టు రెండు కొసలా ఎముకే, దాని పని లాగడం కాదు, అడ్డుకోవడం. అందువల్ల చోటు తప్పితే సర్దుకొనే కండరం కూడా లేదు. తొడ ఎముకలో సొరంగం ముందుకు జరిగితే మోకాలు ముడిచినప్పుడు గ్రాఫ్టు బిగిసి, మోకాలు పూర్తిగా ముడుచుకోదు, లేదా గ్రాఫ్టే సాగిపోతుంది. పిక్క ఎముకలో సొరంగం మరీ ముందుంటే కాలు చాచినప్పుడు గ్రాఫ్టు పై ఎముకకు రాసుకుంటుంది. గ్రాఫ్టు ఏటవాలు తగ్గి నిలువుగా ఉంటే ముందుకు జారడం ఆగినా మెలితిరగడం ఆగదు. కొంతకాలం ఆపరేషను సౌలభ్యం కోసం నిలువు గ్రాఫ్టులు ఎక్కువగా పడ్డాయి. 2000 తర్వాత శల్యవైద్యులు మళ్ళీ అసలు సంధిబంధనం అంటుకొని ఉన్న చోటునే వెదకి సొరంగం తొలచడం వైపు మొగ్గారు. కొత్త గ్రాఫ్టు మొదటి నెలలలో రక్తప్రసరణ లేక బలహీనపడి, ఆ తర్వాతే క్రమంగా బలం పుంజుకుంటుంది. తొందరపడి ఆటలోకి దిగితే తెగడానికి ఇదొక కారణం. చేతి గ్రాఫ్టుల తర్వాత శిక్షణకు బ్రాండ్ ఇచ్చిన ప్రాధాన్యం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

నేడు ఇటువంటి పాఠాలు చదవడానికి ఈ ప్రాంతపు విద్యార్థులు రాయవేలూరు దాకా వెళ్ళనక్కరలేదు. కుప్పంలో 2001లో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ప్రారంభమైంది.

అమెరికాలో

1960లలో బ్రాండ్ కుటుంబంతో అమెరికా వెళ్ళి, లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో పునరావాస విభాగానికి అధిపతిగా చేరాడు. అక్కడ ఇంజనీర్లతో కలిసి పాదం మీద పడే ఒత్తిడిని కొలిచే పరికరాల మీద పనిచేశాడు. చర్మానికి పుండు పడడానికి పెద్ద దెబ్బ అక్కరలేదని, కొద్దిపాటి ఒత్తిడే వేలసార్లు ఒకేచోట పడితే చాలునని ప్రయోగాలతో చూపించాడు. స్పర్శ కోల్పోయిన మధుమేహ రోగుల పాదాలకు కూడా ఇదే వర్తిస్తుంది. నేటి మధుమేహ పాదరక్షణ విధానాలలో రాయవేలూరు, కార్విల్ అనుభవం చాలా ఉంది.

కృత్రిమ నొప్పి తయారు చేయాలని ఆయన బృందం కొన్నేళ్ళు శ్రమించింది. చేతి తొడుగులలో ఒత్తిడిని పసిగట్టే పరికరాలు అమర్చి, హద్దు మీరితే శబ్దం వచ్చేటట్లు, తర్వాత విద్యుత్ షాకు తగిలేటట్లు చేశారు. రోగులు శబ్దాన్ని పట్టించుకోలేదు, షాకు తగిలే పని చేయవలసి వచ్చినప్పుడు మీట కట్టేసి పని పూర్తిచేసుకున్నారు. ప్రయత్నం విఫలమైంది.

కండరాల బలం, అవి ముడుచుకోగల పొడవు కొలిచి 1981లో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసం చేతి శస్త్రచికిత్సలో ఏ కండరాన్ని దేనికి బదులు వాడవచ్చో లెక్కకట్టడానికి ఆధారమైంది. 1985లో వెలువడిన చేతి యాంత్రిక శాస్త్ర గ్రంథంలో తన అనుభవాన్ని గుదిగుచ్చాడు. సామాన్య పాఠకుల కోసం ఫిలిప్ యాన్సీతో కలిసి శరీరం, నొప్పి, విశ్వాసం గురించి రాసిన పుస్తకాలు విస్తృత ప్రచారం పొందాయి. డొరతీ క్లార్క్ విల్సన్ రచించిన ఆయన జీవితచరిత్ర 1965లో వెలువడింది.

గౌరవాలు, మరణం

1952లో ఇంగ్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆయనను హంటేరియన్ ప్రొఫెసరుగా గౌరవించింది. 1960లో ఆల్బర్ట్ లాస్కర్ పురస్కారం, 1961లో బ్రిటిష్ ప్రభుత్వ సి.బి.ఇ. బిరుదు లభించాయి. కార్విల్ నుండి విరమించిన తర్వాత సియాటిల్‌లో స్థిరపడి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎముకల వైద్య విభాగంలో గౌరవ ఆచార్యుడిగా ఉన్నాడు. 2003 జూలై 8న, 89వ పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు, సియాటిల్‌లోనే మరణించాడు. భార్య మార్గరెట్ 2014లో మరణించింది.

ఆయన రాయవేలూరులో పని మొదలుపెట్టినప్పుడు కుష్ఠుకు డాప్సోన్ మందు అప్పుడే వాడుకలోకి వస్తున్నది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 2005 డిసెంబరు నాటికి భారతదేశంలో వ్యాధిగ్రస్తుల సంఖ్య పదివేల మందికి ఒకరి కంటే తగ్గింది. మందు క్రిమిని చంపుతుంది గాని ఎన్నడో చెడిన నాడిని పూర్తిగా బాగుచేయలేదు. ఆలస్యంగా వచ్చిన రోగుల చేతులకు ఇప్పటికీ నాలుగు పాయల గ్రాఫ్టు అవసరమవుతూనే ఉంది.